జడ చిక్కుపడింది, మా వాణ్ణి క్లాసు మానిపించాలా?

గోదారి_గట్టు
మా అబ్బాయికి పదేళ్ళు. చదరంగం అంటే ప్రాణం. అన్నం తింటున్నా పక్కన బోర్డు ఉండాల్సిందే. ఎవరితోనూ కలవడం లేదని, దసరా సెలవులయ్యాక మా వీధి చివర డాన్స్ క్లాసులో చేర్పించాను. అక్కడ మామూలుగా కూచిపూడి నేర్పుతారు. ఈసారి సంక్రాంతి సంబరాలకని మగపిల్లల్ని కూడా కలిపి జడ కోలాటం పెట్టారు. పైనుంచి వేలాడే రంగు తాళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కోల వేస్తూ, తాళ్ళని జడలా అల్లి మళ్ళీ విప్పాలి. మొత్తం 16 మంది.

ఆ 16 మందీ 16 రకాలు. ఒక పిల్లకి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు. ఒకమ్మాయి ఎప్పుడు చూసినా బొమ్మలు గీస్తూ ఉంటుంది. ఒకడు సినిమా స్టెప్పులే వేస్తానంటాడు. ఒకమ్మాయి విరామం ఇస్తే చాలు, పుస్తకం తెరుస్తుంది. కవలలు ఇద్దరున్నారు, వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు.

నిన్న సాయంత్రం జడ అల్లడం చక్కగా అయింది. విప్పేటప్పుడు ముడిపడింది. ఆకుపచ్చ తాడు మీదికి పసుపు తాడెక్కి బిగుసుకుపోయింది. ఆకుపచ్చది మావాడి చేతిలో ఉంది, పసుపుది క్రికెట్ పిల్ల చేతిలో. "నువ్వు లోపల్నుంచి రావాలి కదా, మళ్ళీ మర్చిపోయావా!" అని కోల కింద పడేసి వెళ్ళిపోయింది. మిగతా పిల్లలంతా మావాడి వంకే చూశారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను, వాడి చెవులు ఎర్రబడటం అక్కణ్ణించే కనిపించింది. ఇంటికొచ్చి "నేనింక వెళ్ళనమ్మా, వాళ్ళకి నేను అక్కర్లేదు" అన్నాడు.

మావారేమో "ఇష్టంలేని చోట ఎందుకు, చెస్ కోచింగ్‌కే పంపుదాం" అంటున్నారు. ఇన్ని రకాల పిల్లలు ఒకచోట ఇముడుతారా? నేర్పినవాళ్ళు, పిల్లల్ని పంపినవాళ్ళు చెప్పండి.

నిమ్మకాయ_పులిహోర
మానిపించకండి. ఇలాంటప్పుడు మానేస్తే ఆ చూపులే గుర్తుండిపోతాయి వాడికి. కనీసం సంక్రాంతి దాకా పంపండి.

సాయంత్రం_షటిల్
నేను మీవారి వైపే. అందరూ అన్నీ చెయ్యాలని ఎక్కడుంది? నన్ను చిన్నప్పుడు బలవంతంగా సంగీతంలో వేశారు. రెండేళ్ళు గొంతు పోగొట్టుకోవడం తప్ప ఏమీ రాలేదు. చెస్‌లో కూడా టీమ్ పోటీలుంటాయి, స్నేహాలు అక్కడా అవుతాయి.

గోదారి_గట్టు
@సాయంత్రం_షటిల్ బలవంతంగా వెయ్యలేదండీ. మొదటి మూడు వారాలూ ఉత్సాహంగానే వెళ్ళాడు. కోలలు ఇంట్లో కూడా టకటకలాడించేవాడు. మా అత్తయ్యగారికి తలనొప్పి వచ్చేది.

కోలన్న_మనవడు
మా తాతది ఒంగోలు పక్క పల్లె. కోలాటం నేర్పేవాడు. మా వైపు నేర్పే పంతుల్ని కోలన్న అనేవాళ్ళు. నేను పదమూడేళ్ళ వరకూ ఆయన దగ్గరే ఆడాను కాబట్టి నాలుగు మాటలు చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

కోలాటంలో ఎదురుబొదురు జంటని ఉద్ది అంటారు. పల్లెల్లో ఆటలకి జట్లు పంచుకునేటప్పుడు "ఉద్దులు పట్టుకోండి" అనేవాళ్ళే, అదే మాట. ఇద్దరు పిల్లలు భుజాల మీద చేతులేసుకుని దూరంగా వెళ్ళి, ఒకరు మామిడికాయ, ఒకరు జామకాయ అని పేరు పెట్టుకుని వచ్చి "ఏది కావాలి?" అని నాయకుణ్ణి అడిగేవాళ్ళు. గుర్తుందా ఎవరికైనా?

అసలు సంగతేంటంటే, జడ కోలాటంలో ఉద్దిని మనం ఎంచుకోలేం. సగంమంది కుడి నుంచి తిరుగుతారు, సగంమంది ఎడమ నుంచి. మీ లెక్కలో 8 మంది ఇటు, 8 మంది అటు. ఎదురొచ్చిన మొదటివాళ్ళకి లోపల్నుంచి దాటాలి, రెండోవాళ్ళకి బయట్నుంచి, మూడోవాళ్ళకి మళ్ళీ లోపల్నుంచి. ఆ చుట్టు పూర్తయ్యేలోగా 8 మందితోనూ కోల కలపాలి. నచ్చినవాడొచ్చినా, నిన్న పోట్లాడినవాడొచ్చినా, వాడి కోల ఎక్కడుందో చూసి అక్కడికే మన కోల వెయ్యాలి. బలంగా వేస్తే వాడి వేళ్ళు చితుకుతాయి, మెత్తగా వేస్తే చప్పుడు రాదు. ఎంత బలంగా వెయ్యాలో ఎదుటివాణ్ణి బట్టి తెలుసుకోవాల్సిందే.

ఇక ముడి సంగతి. ముడి కనిపించినచోట తప్పు జరిగి ఉండదు. అల్లేటప్పుడు ఎవరో ఒకచోట రెండుసార్లు వరసగా బయట్నుంచి దాటేస్తారు. అప్పుడు ఎవరికీ తెలీదు, జడ పైకి బాగానే కనిపిస్తుంది. విప్పేటప్పుడు ఆ చోటికి వచ్చేసరికి బిగుస్తుంది. ఆ క్షణంలో తాడు ఎవరి చేతిలో ఉంటే వాడు దొంగ అయిపోతాడు. మీవాడికి జరిగింది అదే అయ్యుండొచ్చు.

అందుకే మా తాత ఒక నియమం పెట్టాడు. ముడిపడితే ఎవరు వేశారని అడగకూడదు. తాడు వదలకూడదు. అందరూ ఎక్కడివాళ్ళక్కడే కూర్చోవాలి. ముడి విప్పేవాళ్ళు తప్ప, అది విడేదాకా ఎవరూ లేవడానికి లేదు. ఒకసారి వెన్నెల్లో గంటసేపు కూర్చున్నాం. మా అమ్మ ఆవకాయ అన్నం ముద్దలు చేసి తెచ్చి అందరి నోట్లోనూ పెట్టింది, చేతుల్లో తాళ్ళున్నాయి కదా మరి.

నిమ్మకాయ_పులిహోర
ఆ ఆవకాయ ముద్దల దగ్గరే నా మనసు ఆగిపోయింది.

పాలపిట్ట
మామిడికాయ జామకాయ బాగా గుర్తుంది! మేము సీతాఫలం, రేగిపండు అనుకునేవాళ్ళం. రేగిపండు ఎప్పుడూ ముందే అమ్ముడైపోయేది.

ఓరుగల్లు_బిడ్డ
మాకు బతుకమ్మ కూడా ఇట్లనే. గుండ్రంగ తిరుగుకుంట చప్పట్లు కొట్టాలె. పక్కామె వంగినప్పుడు మనం వంగాలె, లేకపోతే తలలు తాకుతయి. మా బిడ్డకి ఎనిమిదేండ్లు, ఇంట్లో ఒక్క మాట మాట్లాడదు, ఎప్పుడూ లెగో ముక్కలతోనే ఉంటది. మొన్నటి బతుకమ్మకి తొమ్మిది రోజులూ ఆడింది. పదో రోజు పొద్దున్నే పక్కింటి పిల్ల వచ్చి తలుపు కొట్టి పేరు పెట్టి పిలిచింది. మా ఇంటి తలుపు మా బిడ్డ కోసం ఎవరన్నా కొట్టడం అదే మొదటిసారి.

పీఈటీ_మాస్టారు
అందరూ డాన్స్‌ని ఆకాశానికెత్తుతున్నారు. నేను పాతికేళ్ళుగా పిల్లలతో కబడ్డీ, ఖోఖో ఆడిస్తున్నాను. కలిసి పనిచెయ్యడం అక్కడ రాదా? ఖోఖోలో సరైన టైముకి ఖో ఇవ్వకపోతే ఆట పోతుంది.

లైబ్రరీ_కార్డు
@పీఈటీ_మాస్టారు వస్తుంది మాస్టారూ. కానీ ఒక తేడా ఉంది. ఖోఖోలో ఎదురు జట్టుని ఓడించడానికి మన జట్టు కలుస్తుంది. కోలాటంలో ఓడించడానికి ఎవరూ లేరు.

దీనికి దగ్గరి పరిశోధన ఒకటి చదివాను. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కిర్ష్‌నర్, టొమాసెల్లో 2010లో ప్రచురించారు. నాలుగేళ్ళ పిల్లలు 96 మందిని జంటలు చేశారు. కొన్ని జంటల చేత కలిసి పాడుతూ, వాయిస్తూ, అడుగులు వేస్తూ ఆడించారు. మిగతా జంటల చేత అదే ఆటని పాటా తాళం లేకుండా ఆడించారు. తర్వాత ఒక పిల్ల చేతిలోంచి గోళీలు కిందపడేలా ఏర్పాటు చేశారు. పాటతో ఆడినవాళ్ళే ఎక్కువగా వంగి గోళీలు ఏరడానికి సాయం చేశారు. ఆ పిల్లలకి స్నేహం గురించి ఎవరూ పాఠం చెప్పలేదు.

సాయంత్రం_షటిల్
నాలుగేళ్ళవాళ్ళు సరే. పదేళ్ళవాడికి సిగ్గు, రోషం ఉంటాయి. గోళీలు ఏరినట్టు కాదు.

లైబ్రరీ_కార్డు
అది నిజమే, ఒప్పుకుంటాను.

పాలపిట్ట
ఎవరూ చెప్పని వైపు నేను చెప్తాను. మా పాపని గ్రూప్ డాన్స్‌లో వేశాం. స్కూల్ వార్షికోత్సవం. అక్కడ నేర్పినావిడ బాగా ఆడేవాళ్ళని ముందు వరసలో, మిగిలినవాళ్ళని వెనక పెట్టింది. మా పాప లావుగా ఉంటుంది, చివర్న నిలబెట్టారు. పక్కపిల్లలకీ అదే అలవాటైంది, "నువ్వు వెనక్కి పో" అనడం. మూడు నెలలు భరించి మానేసింది. ఇప్పుడు పాటలొస్తే గదిలోంచి బయటికి రాదు. కాబట్టి డాన్స్ క్లాసు అయితే చాలు స్నేహం వచ్చేస్తుందని నేను నమ్మను. నేర్పేవాళ్ళు ఎలా నిలబెట్టారన్నది చూడండి ముందు.

నట్టువాంగం
@పాలపిట్ట మీ పాప గురించి చదివి చాలా బాధేసింది. నేను కూచిపూడి నేర్పుతాను, పదిహేనేళ్ళు అయింది. మీరన్నది అక్షరాలా నిజం. ముందు వరస, వెనక వరస అన్నది పిల్లల్ని పాడుచేస్తుంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో సగం గొడవలు దీనిగురించే.

కానీ ఒకటి గమనించండి. కృష్ణా జిల్లా కూచిపూడి ఊరి నుంచి బయల్దేరిన భాగవతులది మేళం. అందరూ ఊరూరా కలిసి తిరిగేవాళ్ళు. ఒకరు వేషం కడితే ఒకరు తాళం వేసేవారు, ఒకరు తెర పట్టేవారు. సత్యభామకి వెనక సూత్రధారి లేకపోతే కథే నడవదు. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు మద్రాసులో 1963లో అకాడమీ పెట్టాక కూడా నృత్యనాటకాలకి అంత పేరొచ్చిందంటే, పెద్ద బృందం కలిసి ఆడటం వల్లే. ఇప్పుడు మేమంతా పిల్లల చేత ఒంటరిగా అరంగేట్రాలు చేయించడం మీదే పడ్డాం. మా క్లాసులో కూడా ఏడాదికి ఒక్క బృంద అంశం చేయిస్తే గొప్ప.

మీవాడు ఆడేది గుండ్రంగా తిరిగేది, దానికి ముందు వరస ఉండదు. ఆ ఒక్క కారణానికైనా కొనసాగించమంటాను.

ఫ్రిస్కో_బాబాయి
ఇక్కడ టెక్సాస్‌లో మా ఇద్దరు పిల్లలూ ఆదివారం కూచిపూడికి వెళ్తారు. ఆ క్లాసులో 12 మంది, 7 స్కూళ్ళ నుంచి వస్తారు. ఒకడు రోబోటిక్స్, ఒకడు ఫుట్‌బాల్, ఒకమ్మాయి వయొలిన్. వారంలో ఆరు రోజులు ఒకరి మొహం ఒకరు చూడరు. డాన్స్ అయ్యాక పార్కింగ్‌లో కార్లు స్టార్ట్ చేసి కూర్చుంటాం, వీళ్ళు రారు. గజ్జెలు విప్పుకుంటూ అరగంట మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడతారో ఇంతవరకు నాకు చెప్పలేదు.

అరకు_టీచర్
నేను అరకులో ఆరేళ్ళు పనిచేశాను. అక్కడి గిరిజనుల థింసా నాట్యం చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఆడవాళ్ళు ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు చుట్టి, వరసగా గొలుసులాగా కదులుతారు. డప్పు, తుడుం, మోరి, జోడుకొమ్ములు మోగుతుంటాయి. చేతులన్నీ అల్లుకుని ఉంటాయి కాబట్టి ఒక్కరు తూలితే పక్కనున్న నలుగురికీ తెలుస్తుంది, ఆ నలుగురే నిలబెడతారు. పడిపోనివ్వరు. మొదటిసారి నన్ను లాక్కెళ్ళి కలిపినప్పుడు నాకు ఒక్క అడుగు రాదు. ఎడమ పక్కన ఉన్న ముసలావిడ నా నడుమ్మీద వేళ్ళతో నొక్కి, ఎప్పుడు వంగాలో చెప్పింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు.

పీఈటీ_మాస్టారు
అరకు టీచర్ చెప్పింది బాగుంది. నేను అన్న మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఖోఖోకి.

గోదారి_గట్టు
అందరికీ సమాధానాలు ఇవ్వలేకపోయాను, క్షమించాలి. కోలన్న మనవడు గారి పోస్టు మా డాన్స్ మాస్టారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కనిపించినవాడి మీదే పడ్డానేమో నేను కూడా" అన్నారు. మావాడితో ఆయనే ఫోన్‌లో మాట్లాడారు. రేపు వెళ్తానన్నాడు.

కోలన్న_మనవడు
మంచిది. ఇంకో మాట. వారంపాటు పాట లేకుండా, కోలలు కూడా పక్కన పెట్టి, ఒట్టి తాళ్ళతో నడిపించమనండి. దాటేటప్పుడు ఒక్కొక్కరూ "లోపల", "బయట" అని పైకి అనాలి. విప్పడం ఎక్కువసార్లు చేయించాలి, అందరూ అల్లడం మీదే పడతారు. చూపు తాడు మీద కాదు, ఎదురొచ్చేవాళ్ళ భుజం మీద ఉండాలి.

తెనాలి_మిక్చర్
కోలలు ఎక్కడ కొంటున్నారు? మా ఊళ్ళో దొరికేవి మరీ తేలిగ్గా ఉన్నాయి, పిల్లలు రెండురోజులు ఆడేసరికి పెచ్చులూడుతున్నాయి.

నట్టువాంగం
@తెనాలి_మిక్చర్ వడ్రంగి చేత చేయించుకోండి. పిల్లలకి మూరెడు పొడవు చాలు. చివర్లు గుండ్రంగా నున్నగా తీయించండి, లేకపోతే చేతులు గీసుకుంటాయి. గజ్జెలు కట్టించేటట్లయితే పట్టుకునే వైపు మాత్రం వద్దు.

గోదారి_గట్టు
ఎనిమిది రోజులు అయింది, చెప్పాల్సింది చాలా ఉంది.

మొన్న మళ్ళీ ముడిపడింది. ఈసారి మాస్టారు ఆ నియమం పెట్టారు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చోవాలి, తాడు వదలకూడదు అని. మొదటి ఐదు నిమిషాలు గోలగోల. సినిమా స్టెప్పులవాడు తాడుతోనే డాన్స్ మొదలెట్టాడు. తర్వాత నెమ్మదించారు. బొమ్మలు గీసే అమ్మాయి ఏ రంగు మీద ఏ రంగు ఉందో పైకి చూస్తూ చెప్తుంటే, పుస్తకాల పిల్ల లేచి స్టూలెక్కి వేలితో ఒక్కొక్కటే వదులు చేసింది. ఇరవై నిమిషాలు పట్టింది. క్రికెట్ పిల్ల "ఇంకో మూడు ఓవర్లలో అయిపోతుంది" అని లెక్కలు చెప్తూనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. మావాడు మొదటి రోజు గొడవ తర్వాత ఇంట్లో ఒక నోటుపుస్తకంలో 16 చుక్కలు పెట్టి, చెస్ ఎత్తులు రాసుకున్నట్టు ఎవరు ఎవర్ని ఎటునుంచి దాటారో గుర్తున్నంత రాశాడు. రాత్రి నాకు చూపించాడు. ఆ రోజు తప్పు కవలల్లో ఒకడిది. అల్లేటప్పుడు వరసగా రెండుసార్లు బయట్నుంచి దాటాడు. "మరి చెప్పలేదేంరా వాళ్ళకి?" అన్నాను. "చెప్తే వాడి వైపు చూస్తారు కదమ్మా" అన్నాడు.

నాకు నోటమాట రాలేదు. కాసేపు వాడి జుట్టు నిమురుతూ కూర్చున్నాను.

నిమ్మకాయ_పులిహోర
ఈ పోస్టు మావారికి చదివి వినిపించబోయి సగంలో ఆపేశాను, గొంతు పట్టేసింది.

సాయంత్రం_షటిల్
పిల్లాడు బంగారం. కానీ నాకో సందేహం. తన తప్పు కాదని తెలిసి కూడా మౌనంగా ఉండటం వాడికి మంచిదేనా? రేపు ప్రతిదానికీ నింద మోస్తాడేమో. ఆ అమ్మాయి క్షమాపణ చెప్పాలి కదా.

పాలపిట్ట
@సాయంత్రం_షటిల్ నాకూ అదే అనిపించింది. మా పాప కూడా ఏమీ అనేది కాదు, మేము మంచితనం అనుకున్నాం.

గోదారి_గట్టు
మీ ఇద్దరి మాటా మనసులో పెట్టుకున్నాను. వాణ్ణి అడిగాను, బాధగా ఉందా అని. "ఉండేది, ఇప్పుడు లేదు" అన్నాడు. ఆ అమ్మాయి క్షమాపణ చెప్పలేదు. కానీ ఇప్పుడు ఎదురొచ్చిన ప్రతిసారీ మావాడికి మాత్రం వినపడేలా "లోపల" అని చెప్పి దాటుతోంది. నిన్న విరామంలో చెస్‌లో గుర్రం ఎందుకు వంకరగా నడుస్తుందని అడిగిందట. వీడు గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి చూపించాడట. గళ్ళు చాలక బయట అరుగు దాకా గీశారని మాస్టారు చెప్పారు.

ఓరుగల్లు_బిడ్డ
గదే క్షమాపణ అక్కా.

ఫ్రిస్కో_బాబాయి
సంక్రాంతికి వీడియో పెట్టండి. మా పిల్లలకి జడ కోలాటం చూపించాలి.

గోదారి_గట్టు
పిల్లల మొహాలు కదా, వీడియో పెట్టనండీ. ఏమైందో రాస్తాను.

తెనాలి_మిక్చర్
వడ్రంగి దొరికాడు. జత కోలలు చక్కగా చేశాడు. మా అమ్మాయి పడుకునేటప్పుడు దిండు కింద పెట్టుకుంటోంది.

కోలన్న_మనవడు
సంక్రాంతి అయిపోయింది. ఏమైంది?

గోదారి_గట్టు
కనుమ రోజు సాయంత్రం ఆడారు. ఇసుకేస్తే రాలని జనం. జడ అల్లారు, పై నుంచి కింద దాకా రంగులన్నీ వరసగా పడ్డాయి, చప్పట్లు మోగిపోయాయి. తిరగతిప్పడం మొదలుపెట్టారు. రెండో చుట్టులో ముడిపడింది.

నా కాళ్ళలో సత్తువ పోయింది. పాట నడుస్తూనే ఉంది. వేదిక మీద 16 మందీ ఒక్కసారి ఆగారు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. ఉన్నచోటనే చటుక్కున కూర్చున్నారు, తాళ్ళు చేతుల్లోనే ఉన్నాయి. మైకు పట్టుకున్నాయన అయిపోయిందనుకుని "ఇంతటితో..." అని మొదలుపెట్టాడు. సినిమా స్టెప్పులవాడు చెయ్యెత్తి ఆగమన్నాడు. పుస్తకాల పిల్ల పక్కనే ఉన్న కుర్చీ లాక్కుని ఎక్కింది. బొమ్మలమ్మాయి కిందనుంచి రంగులు చెప్తోంది. జనమంతా నిశ్శబ్దం అయిపోయారు. ఎంతసేపో నాకు తెలీదు, మావారు మాత్రం నాలుగు నిమిషాలన్నారు. ముడి వదులైంది. లేచారు. పాట మళ్ళీ మొదట్నుంచి వేయించుకుని చివరిదాకా విప్పారు. చివరికి 16 తాళ్ళూ విడివిడిగా వేలాడాయి.

కోలన్న_మనవడు
మా తాత ఉంటే లేచి నిలబడేవాడు.

పాలపిట్ట
చదివి చాలాసేపు ఏడ్చాను. మా పాపకి చదివి వినిపించాను. ఇక్కడ దగ్గర్లో కోలాటం నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. విజయవాడ, భవానీపురం వైపు. గుండ్రంగా ఆడేదే కావాలంది.

నట్టువాంగం
@పాలపిట్ట మీకు సందేశం పంపాను, చూడండి.

సాయంత్రం_షటిల్
ఇంతకీ ఈసారి ముడి ఎవరిది?

గోదారి_గట్టు
మావాణ్ణి అడిగాను. చెప్పలేదు.